కిడ్నీని కాపాడే బీపీ మాత్రను విరోచనాల రోజుల్లో ఎందుకు ఆపుతారు?

ముందుగా ప్రశ్న ఏమిటో క్లుప్తంగా. విశాఖ గాజువాకలో ఉండే 54 ఏళ్ల వెల్డర్‌కి ఆరేళ్లుగా బీపీ ఉంది. టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ (ఉప్పును మూత్రంలోకి తోసే థయజైడ్ రకం మందు) 12.5 కలిసిన మాత్ర రోజుకొకటి వేసుకుంటారు. మోకాలి నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫినాక్ కొనుక్కుని మింగుతున్నారు. మే నెలలో మూడు రోజులు వాంతులు, విరోచనాలు అయ్యాయి. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి బీపీ 90/60. కిడ్నీ వడకట్టి పారేయాల్సిన వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో 1.1 నుంచి 2.3కి పెరిగింది. యూరియా 96, సోడియం 132, పొటాషియం 5.4. సెలైన్ ఎక్కించి, బీపీ మాత్ర, నొప్పి మాత్ర రెండూ ఆపేశారు. వాళ్ల అమ్మాయి అడుగుతున్నది ఇది: "ఈ బీపీ మాత్ర కిడ్నీలకి రక్షణ అని ఒక డాక్టరుగారు రాశారు. కిడ్నీ దెబ్బతింది కాబట్టి ఆపమని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట నిజం? సోడియం తగ్గిందంటే ఉప్పు ఎక్కువ పెట్టాలా?"

ఇద్దరి మాటా నిజమే. మాత్ర అదే, చేసే పనీ అదే. మీ నాన్నగారి ఒంట్లో ఉన్న ఉప్పూ నీరూ మారాయి. మామూలు రోజున తగ్గించాల్సిన ఒత్తిడే ఆ మూడు రోజులూ కిడ్నీకి ఆధారమైంది. ఇది అర్థం కావాలంటే కిడ్నీలోకి రక్తం ఎలా వస్తుంది, ఎలా పోతుంది, దాన్ని ఏ హార్మోన్ ఎక్కడ పట్టుకుంటుంది అన్నది కాస్త ఓపిగ్గా చూడాలి.

రెండు కిడ్నీలూ కలిపి 300 గ్రాములుంటాయి. గుండె నిమిషానికి పంపే 5 లీటర్ల రక్తంలో సుమారు 1.1 లీటరు వీటికే వెళుతుంది. ఇంత రక్తం కిడ్నీ సొంత అవసరానికి కాదు, వడకట్టడానికి. అందులో ప్లాస్మా దాదాపు 600 మిల్లీలీటర్లు. దానిలో ఐదో వంతు, అంటే నిమిషానికి 125 మిల్లీలీటర్లు సన్న రక్తనాళాల గుచ్ఛాలైన గ్లోమెరులస్‌లలో వడకట్టబడి, మూత్రం తయారయ్యే సన్న గొట్టాలైన నాళికల్లోకి దిగుతుంది. రోజుకి 180 లీటర్లు. లీటరుకి 140 మిల్లీమోల్‌ల సోడియం చొప్పున 25,200 మిల్లీమోల్‌లు. ఉప్పుగా లెక్కేస్తే దగ్గర దగ్గర కిలోన్నర. రోజుకి పది గ్రాముల ఉప్పు తినే మనిషి కిడ్నీ ఆ కిలోన్నరలో పది గ్రాములు బయటికి వదిలి మిగతాదంతా వెనక్కి తీసుకోవాలి. ఈ లెక్క అర శాతం తప్పినా 7 గ్రాముల ఉప్పు, దాని వెంట సుమారు 900 మిల్లీలీటర్ల నీరు ఒంట్లో మిగలడమో ఒంట్లోంచి పోవడమో జరుగుతుంది. ఇంత సన్నని లెక్క ఒక్క హార్మోన్‌తో తేలేది కాదు. అందుకే ఇన్ని పేర్లు.

గ్లోమెరులస్‌కి ఒక ప్రత్యేకత ఉంది. ఒంట్లో మిగతా చోట్ల సన్న ధమని, కేశనాళికలు, ఆ తర్వాత సిర అనే వరస. ఇక్కడ కేశనాళికల గుచ్ఛానికి అటూ ఇటూ కూడా ధమనికలే. లోపలికి తెచ్చేది అభివాహి ధమనిక, బయటికి తీసుకెళ్లేది అపవాహి ధమనిక. రెండు కుళాయిల మధ్య పెట్టిన చిల్లుల గొట్టం అనుకోండి. లోపలి కుళాయి బిగిస్తే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. బయటి కుళాయి బిగిస్తే ప్రవాహం తగ్గుతుంది గానీ గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది, చిల్లుల్లోంచి నీరు ఎక్కువ కారుతుంది. రక్తప్రవాహం వేరు, వడపోత వేరు అన్నది ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. కిడ్నీకి రక్తం తగ్గిన రోజున కూడా వడపోత నిలబడేది ఈ ఏర్పాటు వల్లే.

అంకెల్లో చూద్దాం. గుచ్ఛం లోపల ఒత్తిడి సుమారు 60 మిల్లీమీటర్ల పాదరసం. దానికి ఎదురుగా రక్తంలోని ప్రొటీన్లు నీటిని వెనక్కి లాగే బలం 32, గుచ్ఛం చుట్టూ వడకట్టిన నీటిని పట్టే బౌమన్ గుళికలో ఉన్న ఒత్తిడి 18. రెండూ తీసేస్తే మిగిలేది 10. రోజుకి 180 లీటర్లు వడకట్టేది ఆ పది మిల్లీమీటర్ల బలమే. ఇవి పాఠ్యపుస్తకం సగటు అంకెలు, మనిషిని బట్టి మారతాయి. విషయం మాత్రం మారదు: 60 కాస్తా 50కి జారితే బీపీ యంత్రంలో పెద్దగా తెలియకపోవచ్చు, వడపోత మాత్రం ఇంచుమించు ఆగిపోతుంది.

బీపీ కొంచెం అటూ ఇటూ అయినప్పుడల్లా ఇలా ఆగిపోకుండా లోపలి ధమనిక తనంతట తానే వదులవుతూ బిగుస్తూ ఉంటుంది. సగటు రక్తపోటు 80 నుంచి 180 మధ్య ఎక్కడున్నా వడపోతను దాదాపు ఒకేలా ఉంచుతుంది. దానికి కింద ఇక హార్మోన్లే దిక్కు. 90/60 అంటే సగటు ఎంత? కింది అంకెకి రెట్టింపు 120, దానికి పై అంకె 90 కలిపితే 210, మూడో వంతు 70. మీ నాన్నగారు ఆ గీత దాటి కిందికి వచ్చేశారు. పైగా ఏళ్ల తరబడి బీపీ ఉన్నవాళ్లలో ఈ హద్దు ఇంకా పైకి జరిగి ఉంటుంది. మామూలు మనిషికి పెద్ద తేడా చేయని 75, వాళ్లకి తక్కువే.

ఇక హార్మోన్లు. మొదటిది రెనిన్. కుందేలు కిడ్నీ రసాన్ని ఇంకో కుందేలుకి ఎక్కిస్తే బీపీ పెరుగుతుందని 1898లో స్టాక్‌హోమ్‌లో టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ చూశారు. ఆ పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టింది వాళ్లే. ఇది లోపలి ధమనిక గోడలో, గుచ్ఛానికి ఆనుకుని ఉండే కణాల్లోంచి వస్తుంది. మూడు సంకేతాల్లో ఏది అందినా ఆ కణాలు కదులుతాయి. ధమనిక గోడ సాగడం తగ్గితే, అంటే అక్కడ ఒత్తిడి పడితే ఒకటి. సానుభూతి నాడులు (గుండె వేగం, బీపీ పెంచే నాడులు) నేరుగా బీటా-1 గ్రాహకాల మీద, అంటే కణం మీద సంకేతం వచ్చి కూర్చునే చోట్ల మీద, మీట నొక్కితే రెండోది. మూడోది కొంచెం వింతగా ఉంటుంది: నెఫ్రాన్ (ఒక గుచ్ఛం, దాని నాళిక కలిసిన వడపోత యూనిట్) నాళిక లూప్ చుట్టి పైకి వచ్చి, తన గుచ్ఛం పక్కనే ఆనుకుంటూ పోతుంది. ఆ ఆనుకున్న చోట మాక్యులా డెన్సా అనే కణాలు తమ ముందు నుంచి పోయే ఉప్పును కొలుస్తూ ఉంటాయి. ఉప్పు తక్కువ వస్తే "వడపోత తగ్గింది" అని రెనిన్ కణాలకి చెబుతాయి. ఎక్కువ వస్తే ఎడినోసిన్ అనే రసాయనం సాయంతో లోపలి ధమనికను బిగిస్తాయి. అంటే ప్రతి నెఫ్రాన్ తన చివర్లో ఏం జరుగుతోందో చూసి తన మొదలును సరిదిద్దుకుంటుంది.

రెనిన్ తనంతట తాను రక్తనాళాన్ని బిగించదు. కాలేయం నుంచి వచ్చే యాంజియోటెన్సినోజెన్‌లోంచి పది అమైనో ఆమ్లాల ముక్కను కోస్తుంది. ముఖ్యంగా ఊపిరితిత్తుల రక్తనాళాల గోడల్లో ఉండే ఏసీఈ అనే ఎంజైము దాన్నుంచి ఇంకో రెండు కత్తిరిస్తే ఎనిమిది అమైనో ఆమ్లాల యాంజియోటెన్సిన్-2 తయారవుతుంది. అసలు పని చేసేది ఇదే. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి ఈ ఏసీఈని అడ్డుకుంటాయి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివి యాంజియోటెన్సిన్ కూర్చునే గ్రాహకాన్ని మూసేస్తాయి. దారి వేరు, చేరే చోటు ఒకటే.

యాంజియోటెన్సిన్-2 రెండు ధమనికలనీ బిగిస్తుంది గానీ బయటిదాన్ని ఎక్కువ. దాంతో కిడ్నీకి వచ్చే రక్తం తగ్గినా గుచ్ఛంలో ఒత్తిడి నిలబడుతుంది. ఇక్కడే ఇంకో పని కూడా జరిగిపోతుంది, చాలామంది విద్యార్థులు దీన్ని వదిలేస్తారు. వచ్చే ప్లాస్మా తగ్గి వడపోత అలాగే ఉంటే, ఐదో వంతు బదులు నాలుగో వంతో మూడో వంతో వడకట్టబడుతుంది. బయటికి పోయే రక్తం ఆ మేరకు చిక్కబడుతుంది, దానిలో ప్రొటీన్ల సాంద్రత పెరుగుతుంది. అదే రక్తం తర్వాత దగ్గరి నాళికల (గుచ్ఛం దాటగానే వచ్చే నాళిక మొదటి భాగం) చుట్టూ కేశనాళికలుగా తిరుగుతుంది. చిక్కటి రక్తం, పైగా ఒత్తిడి తక్కువ: నాళిక నుంచి ఉప్పునీటిని ఎక్కువగా లాక్కుంటుంది. దీనికి తోడు నాళిక కణాల్లో సోడియంను లోపలికి తీసుకుని హైడ్రోజన్‌ను బయటికి పంపే వాహకాన్ని యాంజియోటెన్సిన్ నేరుగా వేగిరపరుస్తుంది. వడకట్టిన సోడియంలో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చేది ఈ దగ్గరి నాళికలోనే కాబట్టి, రక్తప్రవాహాన్ని సర్దిన చేతితోనే ఉప్పునీ సర్దినట్టయింది. ప్రవాహం ఒక అధ్యాయం, ఉప్పు ఇంకో అధ్యాయం అని విడదీసి చదివితే ఈ ముడి కనపడదు.

బిగించేవాళ్లుంటే వదులు చేసేవాళ్లూ ఉండాలి. నీరు తగ్గిన రోజున యాంజియోటెన్సిన్, నార్‌ఎడ్రినలిన్ లోపలి ధమనికను కూడా బిగించబోతాయి. అది పూర్తిగా బిగిస్తే గుచ్ఛానికి రక్తమే అందదు. అప్పుడు కిడ్నీ అక్కడికక్కడే ప్రోస్టాగ్లాండిన్‌లు తయారుచేసి ఆ ధమనికను తెరిచి ఉంచుతుంది. ఆరోగ్యంగా, ఒంట్లో నీరు సరిపడా ఉన్న మనిషిలో వీటి పాత్ర చాలా తక్కువ. అందుకే మామూలుగా ఉన్న కుర్రాడు రెండు రోజులు డైక్లోఫినాక్ వేసుకుంటే క్రియాటినిన్ కదలదు. నీరు తగ్గినవాళ్లలో, గుండె బలహీనమైనవాళ్లలో, కాలేయం గట్టిపడినవాళ్లలో, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో వడపోత వీటి మీదే ఆధారపడుతుంది. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, ఎసిక్లోఫినాక్ అన్నీ ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపే మందులే.

ఇప్పుడు మీ నాన్నగారి మూడు రోజులు చూడండి. వాంతులు, విరోచనాలు, చెమట వల్ల రక్తంలో నీరు తగ్గింది. రెనిన్ మూడు దారుల్లోనూ కదిలింది, యాంజియోటెన్సిన్ బోలెడు తయారైంది. కానీ బయటి కుళాయి దగ్గర గ్రాహకం మీద టెల్మిసార్టాన్ కూర్చుని ఉంది, అది బిగుసుకోలేదు. లోపలి కుళాయిని తెరిచి ఉంచాల్సిన ప్రోస్టాగ్లాండిన్‌ను డైక్లోఫినాక్ ఆపేసింది, అది బిగుసుకుంది. థయజైడ్ మిగిలిన ఉప్పును మూత్రంలోకి తోస్తూనే ఉంది. గుచ్ఛంలో ఒత్తిడి నిలబెట్టే మార్గాలు మూడూ ఒకేసారి పోయాయి. ఈ మూడు మందుల కలయిక ప్రమాదం వైద్యంలో బాగా తెలిసినదే. అయితే మెడికల్ షాపులో నొప్పి మాత్ర కొనేటప్పుడు "బీపీకి ఏం వాడుతున్నారు" అని అడిగేవాళ్లు అరుదు.

పొటాషియం 5.4 ఎందుకు? ఇక్కడికి ఆల్డోస్టెరోన్ వస్తుంది. ఎడ్రినల్ గ్రంథి పై పొరలో ఇది తయారవుతుంది. దీన్ని పిలిచేవి ముఖ్యంగా రెండు, యాంజియోటెన్సిన్, రక్తంలో పెరిగిన పొటాషియం. కిడ్నీ నాళిక చివరి భాగంలో సోడియం లోపలికి వచ్చే ద్వారాలను పెంచుతుంది, సోడియం వచ్చినచోట పొటాషియం బయటికి పోతుంది. జన్యువుల ద్వారా పనిచేసేది కాబట్టి గంటా రెండు గంటల తర్వాతే ప్రభావం మొదలవుతుంది, నిమిషాల్లో కాదు. టెల్మిసార్టాన్ యాంజియోటెన్సిన్ దారిని మూసింది కాబట్టి ఆల్డోస్టెరోన్ తగ్గింది. వడపోత పడిపోయి నాళిక చివరికి చేరే సోడియమే తగ్గింది కాబట్టి, మార్పిడికి సరుకు లేక పొటాషియం ఒంట్లోనే ఉండిపోయింది. విరోచనాల్లో పొటాషియం పోతుంది కదా, తగ్గాలి కదా అని మీరు అనుకోవచ్చు. మందులు లేని మనిషిలో తగ్గుతుంది. ఇక్కడ అది పోయే ముఖ్యమైన దారే మూసుకుంది.

ఈ కారణంగానే బీచ్ రోడ్డు మీద అందరికీ మంచిదైన కొబ్బరినీళ్లు ఈ సమయంలో వీరికి మంచివి కావు. కొబ్బరినీళ్లలో సోడియం తక్కువ, పొటాషియం చాలా ఎక్కువ. విరోచనాలకి కావలసింది సరిగ్గా దీనికి తిరగేసి. "లో సోడియం" ఉప్పు కూడా ఇంతే. అందులో సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ బాగున్న బీపీ మనిషికి అది మేలు, టెల్మిసార్టాన్ వాడుతూ క్రియాటినిన్ పెరిగి ఉన్న మనిషికి ముప్పు.

సోడియం 132 సంగతి. రిపోర్టులో కనిపించే సోడియం ఒంట్లో ఎంత ఉప్పు ఉందో చెప్పదు, ఉప్పుకీ నీటికీ మధ్య నిష్పత్తి చెబుతుంది. ఆ నిష్పత్తిని కాసేది ఏడీహెచ్, అంటే వాసోప్రెసిన్. మెదడులో హైపోథాలమస్ తయారుచేసి, పిట్యూటరీ వెనక భాగం నుంచి వదులుతుంది. రక్తం చిక్కదనం ఒక్క శాతం పెరిగినా ఇది పెరుగుతుంది. కిడ్నీ చివరి నాళికల గోడల్లోకి ఆక్వాపోరిన్-2 అనే నీటి ద్వారాలను తెచ్చి పెడుతుంది, ఉప్పు లేని నీరు వెనక్కి వస్తుంది. రక్తం పలచబడితే ఏడీహెచ్ ఆగిపోవాలి. అయితే దానికి రెండో యజమాని ఉన్నాడు. రక్త పరిమాణం 8 నుంచి 10 శాతం తగ్గితే, చిక్కదనం ఎలా ఉన్నా సరే ఏడీహెచ్ ఎక్కువగా వస్తుంది. పలచబడుతుందని తెలిసినా నీటిని పట్టి ఉంచడమే మేలని శరీరం లెక్క. మీ నాన్నగారు విరోచనాల్లో ఉప్పూ నీరూ పోగొట్టుకుని, దాహానికి మంచినీళ్లు మాత్రమే తాగి ఉంటారు. ఏడీహెచ్ ఆ నీటిని పట్టుకుంది, ఉప్పు తిరిగి రాలేదు. థయజైడ్ వాడేవాళ్లలో మూత్రాన్ని పలచగా చేసే శక్తి ముందే తగ్గి ఉంటుంది, ఇంకా తొందరగా ఇలా అవుతుంది. కాబట్టి మీ రెండో ప్రశ్నకి జవాబు: ఆ మూడు రోజుల్లో ఉప్పు కావాలి, కానీ నీటితో కలిపి, కొలత ప్రకారం. కోలుకున్నాక సోడియం 138కి వచ్చేస్తే ఆవకాయ, ఉప్పు చేప పెంచమని దాని అర్థం కాదు.

మీ దగ్గరున్న రిపోర్టులోనే ఇంకొన్ని చదవొచ్చు. నీరు తగ్గినప్పుడు దగ్గరి నాళిక ఉప్పుతో పాటు యూరియానీ వెనక్కి లాగుతుంది, క్రియాటినిన్‌ను లాగదు. అందుకే యూరియా క్రియాటినిన్ కన్నా ఎక్కువ పెరుగుతుంది. పుస్తకాల్లో 20కి 1 అని రాసిన నిష్పత్తి యూరియా నైట్రోజన్‌కి. మన ల్యాబుల్లో చాలావరకు ఇచ్చేది యూరియా. దాన్ని 2.14తో భాగిస్తే నైట్రోజన్ వస్తుంది. 96 యూరియా అంటే దాదాపు 45, క్రియాటినిన్ 2.3తో భాగిస్తే 19.5. సరిగ్గా హద్దు దగ్గర. యూరియానే నేరుగా భాగించి "42 వచ్చింది, చాలా ప్రమాదం" అని భయపడేవాళ్లు చాలామంది.

దీనికన్నా గట్టి ఆధారం మూత్రంలో సోడియం. సెలైన్ ఎక్కించకముందే కొంచెం మూత్రం పట్టి సోడియం, క్రియాటినిన్ రెండూ పంపాలి. ఉదాహరణకి మూత్రంలో సోడియం 14, క్రియాటినిన్ 138 వచ్చాయనుకుందాం. మూత్ర సోడియంను రక్త క్రియాటినిన్‌తో గుణిస్తే 14 × 2.3 = 32.2. రక్త సోడియంను మూత్ర క్రియాటినిన్‌తో గుణిస్తే 132 × 138 = 18,216. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వందతో గుణిస్తే 0.18 శాతం. ఒక శాతం లోపు ఉంటే నాళికలు బతికే ఉన్నాయి, ఉప్పును పీల్చుకుంటున్నాయి, లోపం రక్తం అందకపోవడంలోనే ఉంది అని అర్థం. రెండు శాతం దాటితే నాళిక కణాలే దెబ్బతిన్నాయన్న అనుమానం బలపడుతుంది. ఒక మెలిక ఉంది: థయజైడ్, ఫ్రూసెమైడ్ లాంటి మూత్రం పెంచే మందులు వాడుతున్న మనిషిలో ఎక్కువ వస్తే నమ్మలేం, మందే తోసి ఉండొచ్చు. మందు వాడుతూ కూడా తక్కువ వస్తే మాత్రం అది నమ్మదగ్గదే.

నాళికలు దెబ్బతినేదాకా ఎందుకు పోకూడదంటే, కిడ్నీ బయటి పొరకి రక్తం సమృద్ధిగా వస్తుంది గానీ లోపలి పొర, అంటే మెడుల్లాకి వచ్చేది మొత్తంలో పదో వంతు లోపే. ఉప్పు చిక్కదనం కాపాడుకోవాలంటే అక్కడ రక్తం నెమ్మదిగానే తిరగాలి. అక్కడ ఆక్సిజన్ ఒత్తిడి 10 నుంచి 20 మిల్లీమీటర్లు మాత్రమే. సోడియం పంపులు నడపడానికి ఆక్సిజన్ కావాలి, ఉన్నదేమో అంతంతమాత్రం. రక్తం ఇంకా తగ్గితే ముందుగా దెబ్బతినేది అక్కడి కణాలే. కొన్ని గంటల్లో సెలైన్ అందితే క్రియాటినిన్ రెండు మూడు రోజుల్లో దిగుతుంది. ఆలస్యమై కణాలు రాలితే వారాలు పడుతుంది, కొంతమందికి మధ్యలో డయాలిసిస్ కూడా అవసరమవుతుంది.

మరి మొదటి డాక్టరుగారు ఈ మాత్ర రక్షణ అని ఎందుకన్నారు? ఏళ్ల తరబడి బీపీ, షుగరు ఉన్నవాళ్ల కిడ్నీలో గుచ్ఛంలోని ఒత్తిడి రోజూ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉంటుంది. జల్లెడ పొర సాగి, ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ మూత్రంలోకి జారుతుంది, క్రమంగా గుచ్ఛాలు మచ్చలు కట్టి మూసుకుపోతాయి. బయటి కుళాయిని కాస్త వదులు చేస్తే ఆ ఒత్తిడి తగ్గుతుంది, ఆల్బుమిన్ తగ్గుతుంది, కిడ్నీ ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది. ఇది మొదలుపెట్టిన వారాల్లో క్రియాటినిన్ కొంచెం పెరగడం మందు పనిచేస్తోందనడానికి గుర్తు. 30 శాతం దాకా పెరిగి అక్కడ ఆగితే కొనసాగిస్తారు. 1.1 ఉన్నవాళ్లకి 1.4 అయితే కంగారుపడి మానేయనక్కర్లేదు. 30 దాటితే వెతకాలి: నీరు తగ్గిందా, నొప్పి మాత్ర వాడుతున్నారా, రెండు కిడ్నీలకి వెళ్లే ధమనులూ సన్నబడ్డాయా అని. మందు మొదలుపెట్టినా మోతాదు పెంచినా రెండు నుంచి నాలుగు వారాల్లోపు క్రియాటినిన్, పొటాషియం చూసుకోవాలి. పొటాషియం 5.5 దాటితే డాక్టరుతో వెంటనే మాట్లాడాలి. షుగరుకి వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లోపలి కుళాయిని మాక్యులా డెన్సా దారిలో బిగించి ఇలాంటి మేలే చేస్తాయి.

ఉప్పు ఎక్కువైన రోజు సంగతి రెండు ముక్కల్లో. రక్తం పెరిగి గుండె పై గదులు సాగితే అక్కడి కణాలు ఏఎన్‌పీ అనే హార్మోన్‌ను వదులుతాయి. 1981లో డి బోల్డ్ బృందం ఎలుక గుండె కర్ణికల రసాన్ని ఎక్కించి మూత్రం, సోడియం ఒక్కసారిగా పెరగడం చూసింది. ఇది లోపలి కుళాయిని వదులు చేస్తుంది, రెనిన్‌నీ ఆల్డోస్టెరోన్‌నీ అణచివేస్తుంది, ఉప్పును వదిలించుకుంటుంది. యాంజియోటెన్సిన్ చేసే ప్రతి పనికీ దాదాపు ఎదురు.

విశాఖలో మే నెల గురించి విడిగా చెప్పాలి. ఉష్ణోగ్రత 36 చూసి విజయవాడ కన్నా నయం అనుకుంటారు. సముద్రపు తేమ వల్ల ఇక్కడ చెమట ఆరదు, కారిపోతుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, దాంతో శరీరం ఇంకా చెమట పోస్తుంది. ఆటోనగర్ షెడ్డులో వెల్డింగు చేసే మనిషికి పని గంటల్లో నాలుగు లీటర్లు పోవడం పెద్ద విషయం కాదు. ఎండకి అలవాటు పడని ఒంట్లో చెమట లీటరుకి 60 మిల్లీమోల్‌ల సోడియం ఉంటే, నాలుగు లీటర్లకి 14 గ్రాముల ఉప్పు పోయినట్టు. అలవాటు పడ్డాక ఆల్డోస్టెరోన్ చెమట గ్రంథుల మీద కూడా పనిచేసి దాన్ని 25 దాకా దింపగలదు. అప్పుడు అదే నాలుగు లీటర్లకి 6 గ్రాములే. ఈ అలవాటుకి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కాబట్టి ఎండలు ముదిరిన మొదటి పది రోజులూ, సెలవు మీద వెళ్లి తిరిగి పనిలోకి దిగిన మొదటి వారం చాలా జాగ్రత్తగా ఉండాలి. అలాంటి పని రోజున ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, గంజి, చోడి అంబలి సరైనవే, బీపీ ఉన్నా సరే. ఏసీ గదిలో కూర్చుని అదే మజ్జిగ, పక్కన ఆవకాయ, రాత్రికి ఎండు చేపల పులుసు అంటే లెక్క వేరు. రోజుకి 5 గ్రాముల ఉప్పు అన్న హద్దు ఆ మనిషికి.

ఇక చేయాల్సినవి. నొప్పి మాత్ర పూర్తిగా మానాలి. మోకాలికి పారాసెటమాల్ 650 రోజుకి మూడుసార్లు దాకా, కాలేయం బాగుంటే. పైన రాసే జెల్ రక్తంలోకి చాలా తక్కువ వెళుతుంది, అది కోలుకున్నాక డాక్టరుగారిని అడిగి వాడొచ్చు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది: పారాసెటమాల్‌తో ఎసిక్లోఫినాక్ కలిపిన మాత్రలు షాపుల్లో విరివిగా దొరుకుతాయి, "జ్వరం మాత్రేగా" అని ఇచ్చేస్తారు. స్ట్రిప్ వెనక ఉన్న అన్ని పేర్లూ చదవండి. చివర "ఫినాక్", "ప్రోఫెన్" ఉంటే వద్దు.

మళ్లీ విరోచనాలు మొదలైతే మొదటి గంట నుంచే ఓఆర్ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు. సోడియం 75, మొత్తం ద్రవాభిసరణ గాఢత 245. ప్యాకెట్టు మీద ఈ 245 ఉందో లేదో చూడండి, లేకపోతే అది తీపి పానీయం. తీపి ఎక్కువైతే పేగులోకి నీటిని లాగి విరోచనాలు పెంచుతుంది. 20.5 గ్రాముల ప్యాకెట్టుకి సరిగ్గా ఒక లీటరు నీళ్లు. గ్లాసు నీళ్లలో మొత్తం పోసేయడం మన ఇళ్లలో ఎక్కువగా జరిగే తప్పు. గ్లాసుకి వేసుకోవాలంటే నాలుగు గ్రాముల పైచిలుకు ఉండే చిన్న ప్యాకెట్టు అడగండి, దానికి 200 మిల్లీలీటర్లు. ఏదీ దొరక్కపోతే లీటరు కాచిన నీళ్లలో అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల పంచదార, అన్నీ గీసిన స్పూన్లే. ఓఆర్ఎస్‌లోనూ లీటరుకి 20 మిల్లీమోల్‌ల పొటాషియం ఉంటుంది, కానీ నీరు నిండి మూత్రం వస్తున్నంతసేపు అది సమస్య కాదు. ప్రతి విరోచనం తర్వాత ఒక గ్లాసు, వాంతి అవుతుంటే స్పూనుతో కొద్దికొద్దిగా.

అలాంటి రోజుల్లో టెల్మిసార్టాన్-థయజైడ్ మాత్ర ఆపాలా అన్నది మీ డాక్టరుగారితో ఇప్పుడే మాట్లాడి, చీటీ మీద రాయించుకోండి. రోజుకి నాలుగైదు సార్లకి పైగా విరోచనాలు, లేదా తాగింది నిలవని వాంతులు ఉంటే ఆపమని, మామూలుగా తిని తాగడం మొదలైన 24 నుంచి 48 గంటల తర్వాత మళ్లీ మొదలుపెట్టమని సాధారణంగా చెబుతారు. షుగరు ఉంటే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ కూడా ఈ జాబితాలోకి వస్తాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు ఇది సొంతంగా చేయకూడదు. మెటోప్రొలోల్ లాంటి బీటా బ్లాకర్లను ఉన్నట్టుండి ఆపకూడదు. ఆరు గంటలకి పైగా మూత్రం రాకపోయినా, నిలబడితే కళ్లు తిరిగినా, మగతగా ఉన్నా ఇంట్లో ఓఆర్ఎస్‌తో కూర్చోకుండా విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో దగ్గరలోని ఆసుపత్రికో వెళ్లాలి.

మీ కుటుంబం శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపుది అయితే ఒక్క మాట. అక్కడి కిడ్నీ జబ్బుకి కారణం ఇంకా తేలలేదు, ఇక్కడ చెప్పింది దానికి వివరణ కాదు. అయితే ఆ జబ్బు మూత్రంలో ప్రొటీను పెద్దగా కనిపించకుండానే ముదురుతుంది కాబట్టి, మూత్ర పరీక్ష బాగుంది కదా అని ఊరుకోకుండా ఏడాదికోసారి క్రియాటినిన్ కూడా చూపించుకోవాలి.

మీ నాన్నగారి విషయంలో క్రియాటినిన్ 1.2, 1.3 దాకా దిగి, బీపీ మళ్లీ 140 దాటాక టెల్మిసార్టాన్ తిరిగి మొదలుపెట్టడం మామూలు పద్ధతి, చాలాసార్లు మొదట థయజైడ్ లేకుండా. మొదలుపెట్టిన వారం పది రోజులకి క్రియాటినిన్, సోడియం, పొటాషియం మూడూ ఒకేసారి చేయించండి. ఆ రిపోర్టుతో పాటు 1.1 ఉన్న పాత రిపోర్టు కూడా పట్టుకెళ్లండి. పక్కన పాతది లేకపోతే 1.4 అన్న అంకెని చూసి అది మందు వల్ల వచ్చిన చిన్న పెరుగుదలో, ఇంకా కోలుకోని కిడ్నీయో చెప్పడం ఎవరికైనా కష్టం.